ఆమ్లజనికి పేరు పెట్టిన మహనీయుడు

లోకములో బిడ్డను కన్నవారొకరు, పెంచినవారొకరు, పేరు పెట్టినవారు వేరొకరు అగుట కలదు. బారసాలనాడు పళ్ళెములోని బియ్యముపై వ్రాసిన పేరు ఆ బిడ్డను జీవితాంతము అంటిపెట్టుకొని యుండును. పేరునకు తగిన గుణములు బిడ్డయందున్నను లేకున్నను పేరు మారదు. శాస్త్రలోకములోను ఇట్టి చిత్రము జరిగినది. మనము అనుక్షణము పీల్చు గాలిలో ప్రాణాధారమైన భాగమును మొదట వేరుచేసి చూచినవాడొకడు. దానిని గూర్చి మొదట లోకమునకు ప్రకటించినవాడు మరియొకడు. దానికి పేరు పెట్టినవాడు ఇంకొకడు. తుదకు పేరు పెట్టినవాని మాటయే నిలిచినది. ఆ పేరు ఆక్సిజన్. తెలుగు పాఠ్యపుస్తకములు చిరకాలము దానిని ఆమ్లజని యని వ్యవహరించినవి. రెండు మాటలకును అర్థమొక్కటే: ఆమ్లమును పుట్టించునది. చిత్రమేమనగా, ఆ అర్థము సరియైనది కాదు. సరియైనది కాదని తెలిసియు ప్రపంచమంతయు నేటికిని ఆ పేరునే వాడుచున్నది.

ఆ పేరు పెట్టిన మహనీయుడు ఆంత్వాన్ లోరాన్ లవాజియే. మన పాఠ్యపుస్తకములలో లేవోయిజర్ అను రూపమున కనబడు పేరును ఫ్రెంచివారు లవాజియే యని పలుకుదురు. ఆయన ఆధునిక రసాయన శాస్త్రమునకు పితామహుడని కీర్తిగాంచెను. త్రాసును నమ్మి శాస్త్రమును నిలబెట్టినవాడు; భాషను సంస్కరించి ఆ శాస్త్రమునకు వాక్కు నొసంగినవాడు; తుదకు యాబదియేండ్ల వయస్సున వధ్యస్థలమున శిరస్సు నొప్పగించినవాడు. ఆయన జీవితచరిత్రమును, ఆమ్లజని యను మాట చరిత్రమును వేరుచేసి చెప్పుట సాధ్యము కాదు.

బాల్యము, విద్య

లవాజియే 1743వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన పారిస్ నగరమున సంపన్న కుటుంబములో జన్మించెను. తండ్రి న్యాయవాద వృత్తిలో నున్నవాడు. అయిదేండ్లు నిండిన కొలదికాలమునకే తల్లి గతించెను. పెండ్లి చేసికొనక యుండిపోయిన తల్లి చెల్లెలు ఆ బాలుని కన్నకొడుకువలె పెంచినది. మజారిన్ కళాశాలలో భాషాసాహిత్యములతోపాటు గణితమును, ఖగోళమును అభ్యసించు భాగ్యము ఆయనకు లభించినది. తండ్రి కోరిక ననుసరించి న్యాయశాస్త్రము చదివి, 1764లో న్యాయవాదిగా పట్టమును పొందెను గాని, ఆయన మనస్సు న్యాయస్థానమున నిలువలేదు. రువెల్ అను ఆచార్యుని రసాయన శాస్త్రోపన్యాసములు, గెట్టార్ అను భూగర్భ శాస్త్రజ్ఞుని సాహచర్యము ఆయనను ప్రకృతి శాస్త్రములవైపు మరల్చినవి.

పారిస్ వీథులలో దీపములను మేలైన రీతిని వెలిగించు విధానమును గూర్చి వ్రాసిన వ్యాసమునకు 1766లో రాజు బంగారు పతకమును బహూకరించెను. 1768లో, ఇరువది యైదేండ్లయినను నిండకముందే, లవాజియే ఫ్రాన్సు దేశపు శాస్త్ర పరిషత్తులో సభ్యుడయ్యెను. అంతటి పిన్నవయస్సున అంతటి గౌరవము సామాన్యమైనది కాదు.

అదే సంవత్సరమున ఆయన మరియొక పనియు చేసెను. ఆ పని ఆయన ప్రయోగశాలకు ధనమును చేకూర్చినది. కడపట ఆయన ప్రాణమును హరించినది.

ఇజారాదారు

ఆనాటి ఫ్రాన్సులో ఉప్పు, పొగాకు మొదలగు వస్తువులపై పన్నులు వసూలు చేయు అధికారమును రాజు ఒక ధనిక సంఘమునకు ఇజారా కిచ్చుచుండెను. ఆ సంఘమువారు రాజునకు ముందుగా సొమ్ము చెల్లించి, ఆ మీదట ప్రజలనుండి రాబట్టుకొని, మిగులును పంచుకొనుచుండిరి. నవాబుల కాలపు ఇజారాదారుల కథలు విన్నవారికిని, 1930 నాటి ఉప్పు సత్యాగ్రహము నెఱిగినవారికిని ఆ సంఘముపై ఫ్రెంచి ప్రజలకు ఎంత ద్వేషముండెనో వేరుగ చెప్పనక్కరలేదు. లవాజియే తన కుటుంబ ధనములో కొంత వెచ్చించి ఆ సంఘమున భాగస్థుడయ్యెను. ఆయన లంచగొండి కాడు, క్రూరుడు కాడు. లెక్కలయందు మిక్కిలి నిక్కచ్చియైనవాడు. ఐనను ఆ ధనము పేదవాని ఉప్పుగల్లునుండి కూడ వచ్చిన ధనమే. ఆయన ప్రయోగశాలలోని సూక్ష్మమైన త్రాసులు, గాజు పాత్రలు ఆ ధనముతో సమకూరినవే. ఈ సత్యమును దాచి ఆయన చరిత్రమును చెప్పుట ధర్మము కాదు.

ఆ సంఘములోనే భాగస్థుడైన పోల్జ్ అను నాతని కుమార్తె మరీ ఆన్‌ను లవాజియే 1771లో వివాహమాడెను. అప్పటికి ఆయనకు 28 ఏండ్లు, ఆమెకు 13 ఏండ్లు. ఆ బాలిక భర్తకు తగిన సహధర్మచారిణి యైనది. భర్తకు రాని ఆంగ్లభాషను నేర్చి ఆంగ్లేయుల శాస్త్రగ్రంథములను ఆయనకు అనువదించి చెప్పినది. దావీద్ అను చిత్రకారుని యొద్ద చిత్రలేఖనము నేర్చి ప్రయోగోపకరణముల చిత్రములను వ్రాసినది. ప్రయోగశాలలో ప్రక్కన కూర్చుండి ఫలితములను లిఖించినది. 1775లో లవాజియే ప్రభుత్వపు తుపాకిమందు శాఖలో నలుగురు అధికారులలో ఒకడుగా నియమింపబడెను. అప్పటినుండి ఆయుధాగార భవనములోని ఆయన గృహమే ఐరోపా రసాయన శాస్త్రజ్ఞులకు సమావేశ మందిరమయ్యెను.

త్రాసు చెప్పిన సాక్ష్యము

నీటిని పలుమారులు కాచినచో అది కొంత మట్టిగా మారునని ఆ కాలమున పలువురు నమ్ముచుండిరి. గాజుపాత్రలో నీరు కాచి చూచినచో అడుగున మడ్డి కనబడుచుండుటయే దానికి తార్కాణము. లవాజియే ఒక గాజుపాత్రను తూచి, నీటిని తూచి, మూసి, 101 దినములు ఎడతెగక కాచెను. పిమ్మట మరల తూచి చూడగా నీటి తూకము తగ్గలేదు. పాత్ర తూకము తగ్గినది. తగ్గిన తూకము ఇంచుమించు మడ్డి తూకమునకు సరిపోయినది. మడ్డి నీటినుండి పుట్టినది కాదు, గాజు అరిగి యేర్పడినది. కంటికి కనబడినది అబద్ధమై త్రాసు చెప్పినది నిజమైనది. లవాజియే జీవితమంతయు ఈ యొక్క పాఠమునే మరల మరల చదివెనని చెప్పవచ్చును.

ఆనాటి రసాయన శాస్త్రమును ఏలుచున్న సిద్ధాంతము ఫ్లోజిస్టన్ సిద్ధాంతము. మండు వస్తువులన్నిటిలోను ఫ్లోజిస్టన్ అను తత్త్వమొకటి దాగియుండుననియు, మండినపుడు అది వెడలిపోవుననియు, మిగిలినది బూడిద యనియు జర్మనీ దేశస్థుడైన స్టాల్ మున్నగువారు చెప్పిరి. కట్టె కాలి పిడికెడు బూడిద మిగులుట చూచువారికి ఈ మాట సబబుగానే తోచును. కాని లోహముల విషయమున చిక్కు వచ్చినది. ఆయుర్వేద వైద్యులు పుటము పెట్టి లోహభస్మములను చేయుట మన దేశమున ప్రసిద్ధము. అట్లే సీసమును, తగరమును గాలి తగులునట్లు కాల్చి భస్మము చేసినచో ఆ భస్మము లోహముకంటె బరువుగా నుండును. లోపలినుండి ఒక వస్తువు వెడలిపోయినచో మిగిలినది తేలికపడవలెను గాని బరువెక్కుట యెట్లు? కొందరు ఫ్లోజిస్టన్‌కు బరువు లేకపోవుటయే కాక లఘుత్వము కూడ కలదనిరి. లవాజియే ఆ సమాధానముతో తృప్తినొందలేదు.

1772లో ఆయన భాస్వరమును, గంధకమును మండించి చూడగా అవియు మండి బరువెక్కినవి. బరువెక్కుటకు గాలియే కారణమని ఊహించి, ఆ సంగతిని ఒక కాగితముపై వ్రాసి, ముద్రవేసి, నవంబరు 1వ తేదీన శాస్త్ర పరిషత్తులో భద్రపరచెను. మండునపుడు వస్తువునుండి ఏదియు పోవుటలేదు, గాలినుండి ఏదియో వచ్చి చేరుచున్నది. ఐతే ఆ వచ్చి చేరునది గాలి యంతయునా, గాలిలోని యొక భాగమా? దీనికి సమాధానము వెంటనే దొరకలేదు.

ముగ్గురు మనుష్యులు, ఒక వాయువు

స్వీడన్ దేశమున షీలే అను ఔషధశాలవాడు 1770 దశకపు తొలినాళ్ళలోనే ఆ భాగమును వేరుచేసి, అగ్నివాయువని పేరు పెట్టెను. ఆయన గ్రంథము 1777 వరకు అచ్చుకాలేదు. ఇంగ్లండున జోసెఫ్ ప్రీస్ట్‌లీ అను మతాచార్యుడు 1774 ఆగస్టు 1వ తేదీన పెద్ద భూతద్దముతో సూర్యకిరణములను కూడదీసి ఎఱ్ఱని పాదరస భస్మముపై ప్రసరింపజేయగా ఒక వాయువు వెలువడెను. అందులో క్రొవ్వొత్తి దేదీప్యమానముగా వెలిగినది. ఆయన ఫ్లోజిస్టన్ మతమును నమ్మినవాడు కనుక, ఫ్లోజిస్టన్ బొత్తిగా లేని గాలి యని దానికి పేరు పెట్టెను. ఆ అక్టోబరు మాసమున ప్రీస్ట్‌లీ పారిస్ వచ్చి లవాజియే ఇంట విందారగించుచు ఈ సంగతిని చెప్పెను. ఇంచుమించు అదే సమయమున షీలే తన ప్రయోగమును వివరించుచు లవాజియేకు జాబు వ్రాసెను.

ఇట్లు లవాజియేకు ఆ వాయువు అన్యుల చేతినుండి అందిన వస్తువే. తరువాతి కాలమున తన గ్రంథములో ఆ వాయువును ప్రీస్ట్‌లీయు, షీలేయు, తానును ఇంచుమించు ఒకే కాలమున కనుగొంటిమని ఆయన వ్రాసికొనెను. ఇది ప్రీస్ట్‌లీకి న్యాయము చేసిన మాట కాదు. కాని వస్తువును చూచుట వేరు, దాని నెఱుగుట వేరు. తక్కిన యిద్దరును ఆ వాయువును పాత సిద్ధాంతపు గోడలలోనే నిలిపి చూచిరి. ఆ వాయువు చేతికి వచ్చినపుడు గోడయే కూలవలెనని గ్రహించినవాడు లవాజియే.

ఆయన నాలుగు ఔన్సుల పాదరసమును వంకరమెడ గల గాజు పాత్రలో నుంచి, 50 ఘనపుటంగుళముల గాలితో సంబంధము కల్పించి, 12 దినములు వేడిచేసెను. పాదరసముపై ఎఱ్ఱని భస్మము తేలెను. గాలి 42, 43 ఘనపుటంగుళములకు తగ్గెను. మిగిలిన గాలిలో దీపము ఆరిపోయినది, ప్రాణులు చచ్చినవి. పిమ్మట 45 గ్రెయినుల తూకము గల ఆ ఎఱ్ఱని భస్మమును వేరుగా తీసి మరింత వేడిచేయగా 41½ గ్రెయినుల పాదరసమును, 7, 8 ఘనపుటంగుళముల వాయువును వచ్చినవి. ఆ వాయువులో దీపము కన్నులు మిరుమిట్లు గొలుపునట్లు వెలిగినది. దానిని మిగిలిన గాలిలో కలుపగా మామూలు గాలి తయారైనది. పోయినదెంతయో తిరిగి వచ్చినదంతయే. గాలి మూలతత్త్వము కాదు, కనీసము రెండు వాయువుల కలయిక యని తేలినది. పంచభూతములలో నొకటియని ప్రాచీనులు తలచిన గాలి ఇట్లు రెండుగా విడిపోయినది.

నామకరణము

ఆ వాయువునకు ఏ పేరు పెట్టవలెను? గంధకమును అందులో మండించి నీటిలో కలిపినచో ఆమ్లము వచ్చుచున్నది. భాస్వరమును మండించినను అంతే. బొగ్గును మండించినను అంతే. నత్రికామ్లములోను ఆ వాయువు ఉన్నట్లు కనబడినది. చూచిన ఆమ్లములన్నిటిలోను ఆ వాయువే యుండగా, ఆమ్లత్వమునకు మూలకారణము అదియేయని లవాజియే నిశ్చయించెను. గ్రీకు భాషలో ఒక్సుస్ అనగా పదునైనది, పుల్లనిది యని అర్థము. జెన్ అను ధాతువునకు పుట్టుట, పుట్టించుట యని అర్థములు. ఈ రెంటిని జోడించి ఆయన ఆ తత్త్వమునకు ఒక్సిజీన్ అను పేరును 1770 దశకపు చివర రూపొందించెను. 1787 నాటికి అది ఒక్సిజెన్ అను రూపమున స్థిరపడినది. ఆంగ్లేయులు దానిని ఆక్సిజన్ అనిరి.

ఇందొక వ్యాకరణ విశేషము కలదు. గ్రీకు భాషలో ఈ ధాతువు పదాంతమున వచ్చినపుడు తరచుగా పుట్టినది యను అర్థమునే ఇచ్చును. డయోజెనీస్ అను ప్రసిద్ధ తత్త్వవేత్త పేరునకు జ్యూస్ దేవుని వలన పుట్టినవాడని అర్థము. మన పంకజము, జలజము అను మాటలలోని జకారము వంటిదే అది. పంకజమనగా బురదలో పుట్టినది గాని బురదను పుట్టించునది కాదు కదా! ఆ లెక్కను చూచినచో ఆక్సిజన్ అనగా ఆమ్లము వలన పుట్టినదని కావలెను. లవాజియే ఆ ప్రత్యయమును పుట్టించునది యను అర్థమున వాడెను. శాస్త్రభాష ఆయన వాడుకనే అంగీకరించినది.

మన తెలుగు పదము నిర్మాణము మరింత మనోహరమైనది. గ్రీకులోని జెన్ ధాతువును, సంస్కృతములోని జన్ ధాతువును ఒకే తల్లి బిడ్డలని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. జని యనగా పుట్టుక. ఆమ్లమునకు పుట్టుక దేనివలన కలుగునో అది ఆమ్లజని. కావున ఆక్సిజన్‌ను ఆమ్లజనిగా మార్చిన పండితులు పదమును అనువదించుటయే కాక, దూరదేశములకు వెడలిపోయిన తోబుట్టువును పుట్టింటికి తోడ్కొని వచ్చినారు. జర్మనులు ఆ వాయువును పులుపు పదార్థమనిరి. రష్యనులును, జపానీయులును తమ తమ భాషలలో ఆమ్లమును సూచించు మాటనే కల్పించుకొనిరి. లవాజియే ఊహ ఇట్లు పెక్కు భాషలలో ప్రవేశించినది.

ఆమ్లజనికి తోడుగా ఉదజని వచ్చినది. మండెడి వాయువొకటి కలదని ఇంగ్లండున కావెండిష్ 1766లో వర్ణించియుండెను. అది ఆమ్లజనితో కలిసి మండినపుడు నీరు పుట్టుచున్నదని 1783లో లవాజియే, గణితవేత్త లాప్లాసుతో కలిసి చూపెను. గాలివలె నీరును మూలతత్త్వము కాదని తేలినది. నీటిని పుట్టించునది గనుక హైడ్రోజన్. మన భాషలో ఉదజని. గాలిలో మిగిలిన భాగమున ప్రాణి బ్రదుకదు గనుక లవాజియే దానిని అజోత్, అనగా ప్రాణము లేనిది, అనెను. ఫ్రెంచివారు ఇప్పటికిని ఆ పేరునే వాడుదురు. సురేకారమునకు సంబంధించినదని షాప్తాల్ అను మరియొక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1790లో పెట్టిన నైట్రోజన్ అను పేరే మనకు నత్రజని యైనది. పాఠ్యపుస్తకములలో ఆక్సిజన్, హైడ్రోజన్ అను మాటలు ప్రవేశించినను, నత్రజని ఎరువు అను మాట తెలుగు రైతు నోట నేటికిని నిలిచియున్నది. ఆ మాటలోని జని యను రెండక్షరములు లవాజియే దారి చూపగా వచ్చినవే.

పేర్ల సంస్కరణము

లవాజియేకు పూర్వము రసాయన శాస్త్రములోని పేర్లు గందరగోళముగా నుండెను. గంధకికామ్లమును విట్రియల్ నూనె యనిరి. అది నూనె కాదు. ఆంటిమొని వెన్న యనిరి. అది నాలుకపై నిడదగినది కాదు. జింకు పువ్వులనిరి; అవి పూచినవి కావు. ఒకే వస్తువునకు నాలుగైదు పేర్లు, ఆ పేర్లలో వస్తువు స్వరూపమును తెలుపునది ఒక్కటియు లేదు. మాట సరిగా లేనిచో భావము సరిగా నుండదనియు, భావము సరిగా లేనిచో శాస్త్రము నిలువదనియు లవాజియే తలంపు. గుయిటన్ ద మోర్వో, బెర్తొలే, ఫూర్‌క్రువా అను ముగ్గురు శాస్త్రజ్ఞులతో కలిసి 1787లో ఆయన రసాయన నామకరణ పద్ధతిని ప్రకటించెను. ఏ వస్తువు ఏ మూలకముల కలయికయో దాని పేరే చెప్పవలెనని వారి నియమము. వ్యాకరణమున ప్రత్యయభేదముచే అర్థభేదము కలుగునట్లు, ఇందును ప్రత్యయములను బట్టి కలయిక తెలియును. విద్యార్థులు నేడు చదువు సల్ఫేటు, సల్ఫైటు అను మాటల భేదము ఆనాటి యేర్పాటే.

1789లో ఆయన రసాయన శాస్త్ర ప్రథమపాఠముల గ్రంథమును ప్రచురించెను. అందలి చిత్రములు ఆయన భార్య గీసినవి. 33 మూలపదార్థముల పట్టిక అందు కలదు. మార్పు జరుగుటకు ముందెంత ద్రవ్యముండునో మార్పు జరిగిన పిదపయు అంత ద్రవ్యమే యుండునను ద్రవ్యనిత్యత్వ నియమము అందు స్పష్టముగా చెప్పబడినది. మరుసటి యేడే రాబర్ట్ కెర్ ఆ గ్రంథమును ఆంగ్లములోనికి అనువదించెను. కొత్తతరమువారందరు లవాజియే భాషనే మాటాడసాగిరి. ప్రీస్ట్‌లీ మాత్రము 1804లో అమెరికాలో కన్నుమూయువరకు ఫ్లోజిస్టన్‌ను విడువలేదు.

తప్పు బయటపడుట

పేరు వస్తుస్వరూపమును చెప్పవలెనని పట్టుబట్టిన ఆ మహామేధావి తన ముద్దుబిడ్డకు పెట్టిన పేరే తప్పగుట విధివిలాసము. ఉప్పునుండి తీసిన ఆమ్లములోను ఆమ్లజని యుండియే తీరవలెనని, ఎవరును చూడకున్నను, ఆయన నమ్మెను. ఆయన సహచరుడగు బెర్తొలే 1787లోనే ఒక ఆమ్లములో ఆమ్లజని జాడ కానక సంశయించెను. 1810లో ఇంగ్లండున హంఫ్రీ డేవీ, ఉప్పునుండి లభించు ఆమ్లమునకు సంబంధించిన పసుపుపచ్చని వాయువులో ఎంత వెదకినను ఆమ్లజని లేదనియు, అది స్వయముగ ఒక మూలకమనియు నిరూపించెను. ఆ ఆమ్లములో నున్నవి ఉదజనియు, ఆ వాయువును మాత్రమే. తరువాత తెలిసివచ్చిన దానిని బట్టి చూచినచో, పులుపునకు మూలము వెదకువారు చూడవలసినది ఆమ్లజనివైపు కాదు, ఉదజనివైపు. తమ్మునికి తగిన పేరు అన్నకు పెట్టినట్లయినది!

డేవీ ఆ పాఠమును మరువలేదు. తాను మూలకమని నిరూపించిన వాయువునకు, రంగును బట్టి, లేత ఆకుపచ్చనిది యను అర్థము గల గ్రీకు మాటనుండి క్లోరిన్ అని పేరు పెట్టెను. సిద్ధాంతములు మారవచ్చును గాని కంటికి కనబడు రంగు మారదు కదా!

అవసానము

గ్రంథము వెలువడిన 1789వ సంవత్సరమే ఫ్రెంచి విప్లవము చెలరేగినది. లవాజియే సంస్కరణములకు విముఖుడు కాడు. దేశమంతటికి ఒకే తూనికలు, ఒకే కొలతలు నిర్ణయించు సంఘములో పనిచేసెను. మీటరు, కిలోగ్రాము మొదలగువాని పుట్టుకలో ఆయన కృషియు కలదు. కాని ఇజారా సంఘముపై జనుల ఆగ్రహము చల్లారలేదు. అగ్నిని గూర్చి మారా అను వైద్యుడు వ్రాసిన దానిని పూర్వము లవాజియే త్రోసిపుచ్చెను; ఆ మారా విప్లవనాయకుడై ఆయనపై నిప్పులు గ్రక్కుచు వ్రాసెను. 1791లో ఇజారా సంఘము రద్దయ్యెను. 1793 ఆగస్టులో శాస్త్ర పరిషత్తు మూతపడెను. ఆ నవంబరులో ఇజారాదారులను నిర్బంధింప నాజ్ఞ వెలువడగా లవాజియే తనంత తానుగా వెళ్ళి లొంగిపోయెను.

1794 మే 8వ తేదీన విచారణ జరిగెను. పొగాకులో నీరు కలిపి ప్రజలను వంచించిరనుట వారిపై మోపిన నేరములలో నొకటి. విచారణ, తీర్పు, శిక్ష అన్నియు ఒక్క దినమున ముగిసినవి. 28 మంది ఆనాడు గిలొటీన్ యంత్రమున కెర యైరి. తన కన్నుల యెదుటనే మామగారి శిరస్సు తెగిన పిదప లవాజియే ముందుకు నడచెను. శవములను ఒక్క గోతిలో పూడ్చిరి. శాస్త్రజ్ఞులు దేశమునకు అక్కరలేదని న్యాయాధిపతి పలికెనను కథ ప్రచారములో నున్నది గాని దానికి నమ్మదగిన ఆధారములేదు. ఆయన చంపబడినది శాస్త్రజ్ఞుడైనందులకు కాదు, ఇజారాదారుడైనందులకు. ఆయన శాస్త్రము ఆయనను కాపాడలేకపోయినది, అంతే.

ఒక్కనాడే తండ్రిని, భర్తను కోల్పోయిన మరీ ఆన్ కుంగిపోలేదు. ఆమెయు కొంతకాలము చెరసాలలో నుండెను. తరువాత జప్తు చేసిన సామగ్రిని, పుస్తకములను తిరిగి రాబట్టుకొనెను. భర్త చెరసాలలో నుండి సిద్ధపరచుచు అసంపూర్ణముగా విడిచిన వ్యాసములను అచ్చు వేయించి, అమ్మక, శాస్త్రజ్ఞులకు ఉచితముగా పంచిపెట్టెను. 1805లో రంఫర్డ్ అను మరియొక శాస్త్రజ్ఞుని వివాహమాడెను గాని ఆ కాపురము నాలుగేండ్లకు మించలేదు. లవాజియే పేరును విడువక ధరించియే 1836లో ఆమె కన్నుమూసెను.

యోగము, రూఢి

ఆమ్లజని యను పేరు తప్పని తేలిన పిదప దానిని మార్చవలదా యని విద్యార్థి అడుగుట సహజము. మన శబ్దశాస్త్రమున దీనికి సమాధానము కలదు. అవయవార్థమును బట్టి బోధించు మాట యౌగికము. అవయవార్థముతో నిమిత్తము లేక వాడుకచే బోధించునది రూఢము. కుశలను, అనగా దర్భలను, కోయువాడు కుశలుడని పూర్వులు వ్యుత్పత్తి చెప్పుదురు. నేడు కుశలుడనగా నేర్పరియే గాని దర్భలు కోయువాడని ఎవరును తలపరు. ఆక్సిజన్ అను పదము లవాజియే మనస్సున యౌగికముగా పుట్టినది. లోకుల నోట రూఢముగా బ్రదికినది. నేడు ఆ మాట వినిన రోగి బంధువునకు ఆమ్లము గుర్తు రాదు, ఊపిరి గుర్తు వచ్చును. ప్రాణవాయువను తెలుగు పేరు ఆ వాడుకనే మరింత విస్పష్టముగా తెలుపుచున్నది. దహనమును, శ్వాసమును ఒకే జాతి వ్యాపారములని లాప్లాసుతో కలిసి ప్రయోగపూర్వకముగా చూపిన లవాజియే ఈ పేరును విని సంతసించియే యుండును.

తరగతిలో ఆమ్లజని యను పదమునకు అర్థము చెప్పు ఉపాధ్యాయుడు అర్థము చెప్పి ఊరకుండరాదు. ఆ అర్థములోని తప్పును కూడ చెప్పవలెను. మహామేధావియు పొరపడుననియు, పొరపాటును దిద్దునది మరల త్రాసే, ప్రయోగమేయనియు పిల్లలు ఆ యొక్క మాటవలన నేర్చుకొనగలరు. పాదరసముతో పండ్రెండు దినములు కాచుకొని కూర్చుండి లవాజియే లోకమునకు నేర్పినదియు అదియే.